మెడలో వంపు పోయిందట!

మీ ఇంట్లో బీరువా మీదో, పరుపు కిందో ఒక పెద్ద కవరు ఉండే ఉంటుంది. లోపల నల్లటి ఫిల్ములు, వాటితోపాటు ఇంగ్లీషులో టైపు చేసిన ఒకటిన్నర పేజీ కాగితం. మనది కాకపోతే అత్తగారిది, ఆవిడది కాకపోతే ఇంటాయనది. డాక్టరుగారికి చూపించేలోపు ఆ కాగితం మనమే ఓసారి బయటికి తీసి చదువుతాం. చదవకుండా ఉండగలమా చెప్పండి! కరెంటు బిల్లే రెండుసార్లు చూసుకునే మనుషులం.

నేనూ చదివాను. చదివి పద్దెనిమిది రోజులు మంచం పట్టాను. నొప్పి కంటే ఆ కాగితంలోని ఒక్క వాక్యమే నన్ను ఎక్కువ పడుకోబెట్టింది. ఆ పద్దెనిమిది రోజుల సంగతి మీతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

2024 ఫిబ్రవరి. మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. నేను ఇంట్లోనే చీరలకి ఫాల్స్ కుడుతూంటాను. ఫాల్ చేత్తో కుడితేనే పట్టుచీర కుచ్చిళ్లు తిన్నగా పడతాయని మా తెనాలిలో తెలిసినవాళ్లు నా దగ్గరికే తెస్తారు. ఆ నెలలో ఒక్క పెళ్లివారివే ఇరవై రెండు చీరలు వచ్చాయి. కింద చాప వేసుకుని, గోడకి ఆనుకుని, చీర ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి కుట్టడమే పని. మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే దీపాలు పెట్టేవేళకి లేచేదాన్ని. నాలుగో రోజు పొద్దున్న లేవబోతే మెడ కుడిపక్కకి తిరగలేదు. ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా తిరగాల్సి వచ్చింది. మా అబ్బాయి "అమ్మ రోబోలా తిరుగుతోంది" అని నవ్వాడు. నేనూ నవ్వాను, అదీ నొప్పిగానే ఉంది.

మెడ పట్టేసిందిలే అనుకున్నాను. అత్తగారు తలగడ ఎండలో వేయమన్నారు. వేశాను. తలగడ వేడెక్కింది గానీ మెడ మాత్రం కదల్లేదు. పది రోజులు పూతమందులు, మందులషాపు మాత్రలు అయ్యాక దగ్గర్లోని ఒక క్లినిక్కి వెళ్లాను. అక్కడాయన నా మెడ మీద చెయ్యి కూడా వేయకుండా "ఎమ్మారై తీయించుకుని రండి" అని చీటీ రాసిచ్చారు. ఆరున్నర వేలు అయింది.

ఎమ్మారై తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. అందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, అదొక పెద్ద అయస్కాంతం. అందుకని ఒంటిమీద లోహం ఏదీ ఉంచరు. గాజులు, ముక్కుపుడక, తలపిన్నులు, జాకెట్టుకి పెట్టుకున్న పిన్నీసు, కాలి మెట్టెలు, ఆఖరికి మెళ్లో సూత్రాలు కూడా తీయమన్నారు. ఆ మాట వినేసరికి నా ప్రాణం ఉసూరుమంది. అక్కడి ఆయా ఇలాంటివి రోజూ చూస్తుంది కాబోలు, "పసుపుతాడు తెచ్చుకోలేదా అమ్మా?" అంది. ముందే తెలిస్తే తెచ్చుకునేదాన్ని. మీరెవరైనా వెళ్లాల్సి వస్తే పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకుని వెళ్లండి, సూత్రాలు ఇంట్లోనే దేవుడి దగ్గర పెట్టుకోవచ్చు. బల్లమీద పడుకోబెట్టి, మెడ కింద దిమ్మ పెట్టి, మొహం మీదుగా పంజరంలాంటిది బిగించి, గొట్టంలోకి పంపారు. లోపల అరగంటసేపు దబదబమని చప్పుళ్లు. కదలొద్దన్నారు కదాని గడ్డం గుండెలకి ఆనించి, పళ్లు బిగించి, రాయిలా పడుకున్నాను. ఆ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాంతో పనుంది.

సాయంత్రానికి రిపోర్టు ఇచ్చారు. క్లినిక్ డాక్టరుగారేమో ఎవరి పెళ్లికో ఊరెళ్లారు, మూడు రోజులదాకా రారట. ఇంటికొచ్చి కవరు విప్పాను. ఇంటర్ దాకా చదివాను, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. మొదటి వాక్యమే 'లాస్ ఆఫ్ నార్మల్ సర్వైకల్ లార్డోసిస్'. లాస్ తెలుసు, నార్మల్ తెలుసు. మామూలుగా ఉండాల్సినదేదో పోయిందన్నమాట. ఆ లార్డోసిస్ ఏమిటా అని ఫోనులో వెతికితే మెడలో ఉండాల్సిన వంపు అని వచ్చింది. అంటే నా మెడలో వంపు పోయింది! కింద ఇంకా ఉంది. సీ5, సీ6 పూసల మధ్య 'మైల్డ్ డిస్క్ బల్జ్', అది 'థీకల్ శాక్'ని నొక్కుతోందట. శాక్ అంటే బస్తా అని మాత్రమే నాకు తెలుసు. నా మెడలో బస్తా ఏమిటి, దాన్ని నొక్కడమేమిటి? అన్నిటికీ అడుగున 'ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ' అని ఉంది. ఉత్తరం చివర 'ఇట్లు భవదీయుడు' లాంటిదనుకుని దాన్ని వదిలేశాను.

ఇంతగా ఎందుకు భయపడ్డావమ్మా అంటారేమో. దానికి మా అమ్మ సంగతి చెప్పాలి.

1996లో నేను ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాను. అమ్మకి అప్పుడు నలభై నాలుగేళ్లు. ఒకరోజు నీళ్లబిందె దించుతూ నడుము పట్టేసింది. ఎక్స్‌రే తీశారు. "ఎముకలు అరిగిపోయాయి, వంపు పోయింది, ఇక బరువులెత్తొద్దు, వంగొద్దు" అన్నారు. అంతే. ఆ రోజునుంచి అమ్మ వంగలేదు. నడుముకి బెల్టు కట్టుకుని మంచం ఎక్కింది. వాకిట్లో ముగ్గు పెట్టడం మానేసింది. పెళ్లికి పిలిస్తే నేలమీద కూర్చోవాలేమో అని వెళ్లేది కాదు. నాకు పుట్టిన పిల్లల్ని ఒళ్లోకి అందిస్తే పట్టుకునేదే తప్ప, వంగి తనంతట తాను ఎత్తుకోలేదు. "అరిగిపోయిందమ్మా, అరిగిపోయింది" అనేది. ఇంటిపని నామీద పడింది. ఇంటర్ పరీక్షలైతే రాశాను, పాసయ్యాను. డిగ్రీకి కట్టలేదు. ఎవరూ మానమని అనలేదు, కానీ పొద్దున్నే కాలేజీకి వెళ్లిపోతే నాన్నకి అన్నం ఎవరు వండుతారు? 2017లో పోయేదాకా అమ్మ ఆ బెల్టు విప్పలేదు.

అందుకని 'వంపు పోయింది' అన్న మాట నాకు కొత్త కాదు. దానితో ఏమవుతుందో నా కళ్లారా చూసినదాన్ని. నాకప్పుడు నలభై ఆరు. మా అమ్మాయి గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అదీ రేపు నాలాగే చదువు మానేసి ఇంటికొచ్చి గరిటె పట్టుకుంటుందా అని ఆ రాత్రంతా ఏడ్చాను. మావారికి చెప్పలేదు. రిపోర్టు బాగానే ఉందిట అన్నాను.

మర్నాడు పొరుగింటి పిన్నిగారు ఒక థెరపీ సెంటరు సంగతి చెప్పారు. వెళ్లాను. అక్కడతను ఫిల్ము లైటుకి పెట్టి, స్కేలు ఆనించి చూపించాడు. "చూడండి మేడమ్, గీత గీసినట్టు తిన్నగా ఉంది. వంపు తెప్పించకపోతే నరాలు నలిగి చేతులు పడిపోతాయి" అన్నాడు. నలభై సిట్టింగులు, ఒక్కోటి ఎనిమిది వందలు, మొత్తం ముప్ఫై రెండు వేలు. మెడకి కాలరు వేరే. నిద్రలో కూడా తీయొద్దన్నాడు. నా దగ్గర చీటీపాట డబ్బుంది, అమ్మాయి ఫీజుకని దాచింది. అందులోంచి అయిదు వేలు అడ్వాన్సు కట్టి, కాలరు పెట్టుకుని ఇంటికొచ్చాను. ఆ అయిదు వేలూ మళ్లీ మొహం చూపించలేదులెండి.

ఆ తర్వాత నేను చేసిందంతా మా అమ్మ చేసిందే. మెడ కదిపితే ఏమవుతుందో అని కదపలేదు. ఇడ్లీపాత్ర దించడానికి కూడా అత్తగారిని పిలిచేదాన్ని. డెబ్భై నాలుగేళ్ల మనిషి! కుట్టాల్సిన చీరలు వెనక్కి పంపేశాను. పగలంతా కాలరుతో వెల్లకిలా పడుకుని ఫ్యాను చూడడమే. వారం తిరిగేసరికి నొప్పి తగ్గకపోగా భుజాల్లోకి దిగింది, తల బరువెక్కింది. చూశావా, చెయ్యి పడిపోయే లక్షణాలే అనుకున్నాను.

చీటీ కట్టించుకునే ఆవిడ మావారికి బజార్లో ఎదురుపడి, "ఆపరేషనుకా అండీ డబ్బు తీశారు?" అందట. ఆయన ఇంటికొచ్చి కవరు అడిగారు. ఇచ్చాను. ఒక్కమాట అనలేదు. రెండోసారి చదివి, "ఇంకొకరికి చూపిద్దాం. వాళ్లూ ఇదే అంటే అప్పుడే మిగతాది కడదాం" అన్నారు. గుంటూరులో ఎముకల డాక్టరుగారొకరు ఉన్నారు, సర్కారు ఉద్యోగం చేసి రిటైరయ్యి ఇంటి దగ్గరే సాయంత్రాలు చూస్తారు. పాసింజరు ఎక్కి అక్కడికి వెళ్లాం.

ఆయన కవరు తీసుకుని బల్లమీద బోర్లించి పెట్టేశారు. ముందు నన్ను చూశారు. కాలరు తీయించారు. మెడ నాలుగు పక్కలా తిప్పమన్నారు. మోచేతుల మీద, మోకాళ్ల మీద చిన్న సుత్తితో తట్టారు. అరికాలు మీద తాళంచెవితో గీశారు. వేళ్లు గట్టిగా పట్టుకోమన్నారు. మడమకి బొటనవేలు ఆనించుకుంటూ ఒకే గీతమీద నడవమన్నారు. ఆపైన ప్రశ్నలు. జాకెట్టు హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా? చేతిలో గ్లాసులు జారిపోతున్నాయా? నడిస్తే తూలుతోందా? ఒంటికి, దొడ్డికి వెళ్లడంలో తేడా ఏమైనా ఉందా? జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా? ఎప్పుడైనా టీబీ, క్యాన్సరు వచ్చాయా? దెబ్బేమైనా తగిలిందా? ఏం పని చేస్తారమ్మా అని అడిగి, ఫాల్స్ కుడతానంటే, "సూదిలో దారం ఎక్కుతోందా?" అన్నారు. "కళ్లజోడు పెట్టుకుంటే ఎక్కుతోందండీ" అన్నాను. ఆయన నవ్వి, "అది మెడ తప్పు కాదులే" అన్నారు.

అప్పుడు కవరు తీశారు. నేను వదిలేసిన ఆ ఆఖరి వాక్యమే ముందు చూపించారు. ఫిల్ము చదివే డాక్టరు మనిషిని చూడరట. వాళ్లకి బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. కనిపించినవన్నీ రాసి, 'వీటిలో మనిషి బాధకి సంబంధించినవేవో మనిషిని పరీక్ష చేసి మీరే తేల్చుకోండి' అని వైద్యం చేసే డాక్టరుకి చెప్పడమే ఆ వాక్యం. నేనేమో దాన్ని సంతకం కింద లెక్కగట్టాను!

వంపు సంగతి ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టుగా చెప్తాను. మన వెన్ను కర్రలా తిన్నగా ఉండదు. మెడలో ఏడు పూసలు, వీపులో పన్నెండు, నడుములో అయిదు. మెడ దగ్గర, నడుము దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి వంపు ఉంటుంది. కడుపులో బిడ్డ ముడుచుకుని ఉంటుంది గనక పుట్టినప్పుడు వీపంతా దాదాపు ఒకే గుండ్రం. మూడు నాలుగు నెలలకి మెడ నిలిపేటప్పుడు మెడలో వంపు దిద్దుకుంటుంది, కూర్చుని, నిలబడి, నడక నేర్చేటప్పుడు నడుములో. మనం బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతాం గానీ ఆ వేళకి వీపులో ఇంత కథ నడుస్తోందని ఎవరికి తెలుసు! ఈ వంపులు బండికి స్ప్రింగుల్లా బరువుని పంచుకుంటాయి.

"మరి నా వంపు పోయిందంటున్నారుగా?" అన్నాను. కాగితంలో పోయింది అన్నంత మాత్రాన ఎముక విరిగినట్టూ కాదు, కరిగినట్టూ కాదన్నారు. నొప్పికి కండరాలు బిగుసుకుని మెడని తిన్నగా పట్టి ఉంచొచ్చు. మిషనులో పడుకోబెట్టిన తీరువల్ల కావచ్చు, గడ్డం లోపలికి లాక్కుని పడుకుంటే మెడ వంపు తగ్గి కనిపిస్తుంది. లేదా మీ మెడ మొదట్నుంచీ అంతే కావచ్చు. పట్టేయకముందు తీసిన ఫిల్ము ఉందా పోల్చి చూడడానికి? లేదు. ఎందుకుంటుంది?

నేను గొట్టంలో గడ్డం గుండెలకి ఆనించుకుని బిగుసుకుపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నడుము ఎమ్మారై తీసేటప్పుడు మోకాళ్ల కింద దిండు పెడతారు చూడండి, దానివల్ల కూడా నడుము వంపు కాస్త సాపు అవుతుందట. మీ ఇంట్లో 'లంబార్ లార్డోసిస్' పోయిందన్న కాగితం ఉంటే అది తీసేటప్పుడు ఎలా పడుకున్నారో ఓసారి గుర్తు చేసుకోండి.

ఆయన చెప్పిన అంకెలు చీటీ వెనకాల రాసుకున్నాను. 1994లో బ్రిటన్‌లో ఒక పరిశీలన అచ్చయింది. కొత్తగా మెడనొప్పి వచ్చినవాళ్లవి, చాలాకాలంగా ఉన్నవాళ్లవి, మామూలు జనానివి ఎక్స్‌రేలు పోల్చారు. తిన్నటి మెడ కొత్తనొప్పివాళ్లలో నూటికి 19 మందికి, పాతనొప్పివాళ్లలో 26 మందికి కనిపించింది. మామూలు జనంలో? 42 మందికి! నేను రెండుసార్లు అడిగి రాసుకున్నాను, తిరగేసి చెప్పారేమో అని.

ఇక డిస్క్ బల్జ్. పూసకీ పూసకీ మధ్య ఉండే డిస్కు మన పూర్ణంబూరె లాంటిది, ఇది మాత్రం నా పోలికే, డాక్టరుగారిది కాదు. పైన గట్టి తోపు, లోపల మెత్తటి గుజ్జు. బూరె మీద వేలు ఆనిస్తే అంచు కాస్త ఉబుకుతుంది చూడండి, అదీ బల్జ్. తోపు చిట్లి పూర్ణం బయటికొస్తే అది వేరే, దానికి రిపోర్టులో వేరే మాటలు రాస్తారు. అది నరాన్ని నొక్కితే చేతిలోకి నొప్పి, తిమ్మిరి దిగుతాయి. అలా బయటికొచ్చినది కూడా చాలామందిలో కొన్ని నెలల్లో దానంతట అదే కుంచించుకుపోతుందట. బస్తా అని నేను హడలిపోయిన ఆ థీకల్ శాక్, వెన్నుపాము చుట్టూ నీటితో ఉండే తిత్తి. దానికి బల్జ్ కాస్త ఆనిందే తప్ప వెన్నుపాముని తాకలేదు. వెన్నుపాము మామూలుగా ఉందని అదే కాగితంలో నాలుగో వరసలో రాసి ఉంది. నేను దాన్ని చదవనేలేదు. చెడ్డమాటలు వెతుక్కునేవాళ్లకి మంచిమాట కనిపించదు మరి.

జపానులో మెడనొప్పి లాంటివేమీ లేని 1,211 మందికి ఎమ్మారై తీసి 2015లో ఫలితాలు అచ్చువేశారట. వాళ్లలో నూటికి 87 మందికి పైగా ఈ బల్జ్ ఉంది. ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లలో, అమ్మాయిల్లో కూడా డెబ్భై మందికి పైనే. మీ వీధిలో ఆడవాళ్లందరినీ వరసగా ఆ గొట్టంలోకి పంపిస్తే ఎంతమంది కాలర్లు పెట్టుకుని బయటికొస్తారో ఊహించుకోండి!

అలాగని అందరి రిపోర్టులూ పక్కన పారేయమని ఆయన చెప్పలేదు, నేనూ చెప్పడం లేదు. ఆయన నన్నడిగిన ప్రశ్నల్లో దేనికైనా అవునని జవాబొస్తే కథ వేరు. చేతివేళ్లకి పట్టు తప్పడం, హుక్కులు పెట్టుకోలేకపోవడం, కాళ్లు బిగుసుకుపోయి నడక తూలడం వెన్నుపాము నలుగుతోందనడానికి గుర్తులు. మూత్రం తెలియకుండా పోవడం, లేదా రాకుండా బిగపట్టేయడం, కూర్చునేచోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. నొప్పితోపాటు సాయంత్రంపూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుపూసలో టీబీ ఉందేమో చూస్తారు, మన దేశంలో అది అరుదేమీ కాదు. కుర్రవాళ్లకి నెలలతరబడి నడుంనొప్పి ఉండి, పొద్దున్న లేవగానే అరగంటకి పైగా బిగుసుకుపోయి, తిరుగాడితే తగ్గుతూంటే అది కీళ్లవాతంలో ఒక రకం కావచ్చు. దాంట్లో నడుము వంపు నిజంగానే పోతుంది, ఆలస్యం చేయకూడదు.

నా విషయంలో అవేవీ లేవు. కాలరు అవతల పెట్టమన్నారు. అలాంటిది రెండు మూడు రోజులకి మించి పెట్టుకుంటే మెడ కండరాలు సోమరులై ఇంకా బలహీనపడతాయట. "పద్దెనిమిది రోజులు కట్టేసి ఉంచితే ఏ మెడ నొప్పిపెట్టదమ్మా?" అన్నారు. వేడినీళ్ల కాపడం, నాలుగు రోజులకి మాత్రలు, కొన్ని వ్యాయామాలు. ఇంటిపని మానొద్దన్నారు. మరి ఫాల్స్ అంటే, "కుట్టండి, అరగంటకోసారి లేవండి" అన్నారు.

లేవబోతూ ఎందుకో అమ్మ సంగతి చెప్పాను. బెల్టు, మంచం, అన్నీ. ఆయన విని, "కాళ్లలో బలహీనత ఉండేదా?" అన్నారు. లేదండీ, నడుంనొప్పి ఒక్కటే అన్నాను. "ఆ ఎక్స్‌రే ఉందా?" లేదు. కాసేపు ఊరుకున్నారు. తర్వాత, "ఆ రోజుల్లో మేమూ అలాగే చెప్పేవాళ్లమమ్మా. అరిగిపోయింది, పడుకో అని. నేనూ ఎంతమందికి చెప్పానో" అన్నారు. నడుంనొప్పికి మంచం పట్టడం కంటే తిరుగాడడమే మేలని తర్వాత తర్వాత పరిశీలనల్లో తేలిందట. నాకు ఆయనమీద కోపం రాలేదు. ఫీజు మూడు వందలు ఇస్తే తీసుకుని, "అమ్మాయి చదువు మాన్పించకండి" అన్నారు. ఆ మాట ఆయనకి నేనెప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు. మధ్యలో ఏడుస్తూ చెప్పే ఉంటాను.

రైల్లో తిరిగొస్తూ మావారితో మాట్లాడలేదు. కిటికీలోంచి చూడడానికి మెడ తిప్పాను. నొప్పి వేసింది. అయినా తిప్పాను.

నేను చేసే వ్యాయామాలు ఏమిటని చాలామంది అడిగారు. గోడకి వీపు ఆనించి కూర్చుని, తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి లాక్కోవాలి, కింద రెండో గడ్డం వచ్చినట్టు. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు. తర్వాత వెనక వీపురెక్కలు రెండూ దగ్గరికి తెచ్చి అయిదు అంకెలు. నుదుటిమీద అరచెయ్యి పెట్టి తలతో చేతిని, చేతితో తలని నెట్టాలి, తల కదలకూడదు. అన్నం కుక్కరు కూతలు వేసేలోపు మూడూ అయిపోతాయి. చేతిలోకి తిమ్మిరి దిగినా, కళ్లు తిరిగినా ఆపేయాలి. మొదట్లో ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గర రెండు పూటలు నేర్చుకున్నాను, నలభై కాదు. చూసి నేర్చుకోవడమే మంచిది, నేను రాసింది చదివి మొదలుపెట్టకండి.

కూర్చునే తీరు కూడా మార్చాను. మన తలకాయ బరువు నాలుగున్నర, అయిదు కిలోలు. అయిదు కిలోల పిండిసంచీ గుండెలకి ఆనించి పట్టుకుంటే ఏమీ అనిపించదు, అదే చేతులు చాచి పట్టుకోండి! మెడ ముందుకి వంచి గంటలు గంటలు కుడితే వెనక కండరాలు చేసే పని అదే. ఇప్పుడు కింద చాపమీద కూర్చోవడం మానేసి భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూర్చుంటున్నాను. బల్లమీద రెండు తలగడలు వేసి దానిమీద చీర పెట్టుకుంటే పని కళ్ల దగ్గరికే వస్తుంది, మెడ అంతగా వంచక్కర్లేదు. వంటింటి టైమరు అరగంటకి తిప్పి పెడతాను. మోగగానే లేచి పాలో, పప్పో చూసుకుని వస్తాను. మొదట్లో విసుగేసింది, దారం మధ్యలో ఆపి లేవడమంటే. ఫోను పొట్టమీద పెట్టుకుని పడుకుని చూసే అలవాటు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు, దాచడమెందుకు.

మొదటి వారం నొప్పి ఏమీ తగ్గలేదు. మూడో వారానికి బండి వెనక కూర్చుని పక్కకి చూడగలిగాను. ఉగాదికి, అంటే ఏప్రిల్ 9 నాటికి, మామిడాకులు నేనే కట్టాను. రెండు నెలలకి చీరలు మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టాను, ఒక వారానికి ఎనిమిదికి మించకుండా. ఇప్పటికీ పని ఎక్కువైన రోజున కుడిభుజం దగ్గర లాగుతుంది. కాపడం పెట్టుకుంటాను, పడుకుంటాను, మర్నాడు లేస్తాను.

అమ్మాయి ఫీజులో అడ్వాన్సు పోగా తగ్గిన అయిదు వేలు మావారు సర్దారు. పిన్నిగారు మొన్న కూడా గోడ పక్కనుంచి అడిగారు, "ఇంతకీ వంపు తిరిగొచ్చిందా?" అని. నేనూ డాక్టరుగారిని అడిగాను, మళ్లీ ఒకసారి ఎమ్మారై తీయించి చూసుకోనా అని. "చూసి ఏం చేస్తారు?" అన్నారాయన. ఆలోచిస్తే నాకూ ఏమీ తట్టలేదు. ఆరున్నర వేలతో అత్తగారికి శుక్లాల ఆపరేషనయ్యాక కావలసిన కళ్లజోడు, ఇంట్లోకి వీపు నిటారుగా ఉండే కుర్చీ ఒకటి కొన్నాం. పిన్నిగారు ఇప్పుడు మధ్యాహ్నంపూట వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంటున్నారు. నేను బల్ల దగ్గర, ఆవిడ కుర్చీలో, టైమరు మోగితే ఇద్దరం లేస్తున్నాం.